పాజ్ నొక్కితే చాలన్నాను

ఆళ్లగడ్డలో ఒక శిల్పి కుడిచేతికి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు లేవు. అవి పోవడానికి నేను రాసిన ఒక వరుస, నేను చెప్పిన ఒక మాట కారణం. వరుస సి అనే కంప్యూటర్ భాషలో రాశాను, మాట తెలుగులో చెప్పాను. పని మానేసి నంద్యాలలో ఇంటిపట్టున కూర్చున్నాక ఈ సంగతి రాయాలని చాలాసార్లు కాగితం తీశాను. ప్రతిసారీ ఏదో ఇంటిపని గుర్తొచ్చి లేచిపోయాను. అరవై దాటాక ఇంట్లో పనులు కూడా తగ్గిపోతాయి. ఇక రాయక తప్పదు.

ప్రోగ్రాములు రాసే పిల్లలు చాలామంది ఇప్పుడు సి జోలికి పోరని తెలుసు. మీ భాషలు మెమరీ సంగతి అవే చూసుకుంటాయి. అయినా మీరెక్కే లిఫ్టులోనూ, ఆస్పత్రి మంచం పక్కన చప్పుడు చేసే పెట్టెలోనూ ఎవరో ఒకరు సి లో రాసిందే నడుస్తూ ఉంటుంది. అందుకే వినమంటున్నాను.

మా నాయన చర్చి బడిలో పంతులు. నన్ను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివించాడు. కొన్నేళ్లు ఒక కాలేజీ ల్యాబులో పని చేసి, తర్వాత నంద్యాలలోనే ఒక చిన్న కంపెనీలో చేరాను. యజమానితో కలిపి ఆరుగురం. విత్తనాల సంచులు తూచే మిషన్లకు, లారీలు తూచే ధర్మకాటాలకు కంట్రోలు పెట్టెలు తయారుచేసేవాళ్లం. పెట్టె లోపల నడిచే ప్రోగ్రామంతా నేనే రాసేదాన్ని. నేను రాసింది చదివి తప్పు పట్టగలిగిన మనిషి ఆ కంపెనీలో ఇంకొకరు లేరు. ఆ సంగతి అప్పట్లో నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. దాన్ని చూసి భయపడాలని నలభై ఏడేళ్ల వయసులో కూడా నాకు తోచలేదు.

పెట్టెలు బిగించేది మా ఫిట్టర్. నాకన్నా పదేళ్లు పెద్ద. అందరం ఆయన్ని భాయ్ అని పిలిచేవాళ్లం. వైరు పట్టుకుని చూసి అది ఎక్కడ వేడెక్కుతుందో చెప్పేవాడు. నేను రాసేదాని మీద ఆయనకు గౌరవమూ ఉండేది, అనుమానమూ ఉండేది. "నా పని తప్పయితే పొగొస్తాదమ్మా. నీది తప్పయితే ఏమొస్తాది?" అని ఒకసారి అడిగాడు. నవ్వి ఊరుకున్నాను.

ఆళ్లగడ్డలో రాతి బొమ్మలు చెక్కే కార్ఖానాలు వరసగా ఉంటాయి. అక్కడికి రాయి చెక్కే మిషన్లు రావడం మొదలైన రోజులవి. బయటి దేశం మిషను కొనలేని కార్ఖానాల కోసం మా యజమాని ఇక్కడే ఒకటి తయారుచేద్దామన్నాడు. ఇనుప చట్రం, మోటార్లు భాయ్ పని. నమూనా బొమ్మను కొలిచిన ఫైలు చదివి, గిర్రున తిరుగుతూ రాయిని తొలిచే బిట్టును నడిపించే ప్రోగ్రాము నా పని. ఏడాది పట్టింది. ఏడు మిషన్లు అమ్మాం. అందులో పెద్దది ఈ సంగతి జరిగిన కార్ఖానాది.

అక్కడ ముఖాలు చెక్కే శిల్పి ఉండేవాడు. యాభై లోపు వయసు, ముప్పై ఏళ్ల పనివాడు. చుట్టుపక్కల కార్ఖానాల వాళ్లు కూడా కళ్లు, పెదాలు చెక్కాల్సి వస్తే ఈయన్నే పిలుచుకుపోయేవాళ్లు. మోటు పనంతా మిషను చేస్తే సన్నపని ఈయన చేయాలని కార్ఖానా ఓనరు ఏర్పాటు. మిషను వస్తే తన పని పోతుందని ఆయన గొడవ చేస్తాడనుకున్నాను. చేయలేదు. రెండు రోజులు నా పక్కన నిలబడి, ప్రతి బటనూ ఎందుకో అడిగి నేర్చుకున్నాడు.

రెండో రోజు మధ్యలో ఒక ఇబ్బంది వచ్చింది. బిట్టు కంటిగుంత తొలుస్తోంది. నీళ్లు కారుతూ ఉంటాయి కాబట్టి గుంతలో రాతి బురద నిండి లోతు కనబడదు. ఆయన చెయ్యి చాపబోయాడు. నేను అరిచాను.

"కంటితో తెలీదు మేడమ్. ఏలు పెట్టి చూడాల" అన్నాడు. "ఏం చేయాల చెప్పు."

మిషనును ఆపే బటన్లు రెండు. ఒకటి ఎర్రది. అది నొక్కితే కరెంటే పోతుంది. బిట్టు ఎక్కడుందో మిషను మరచిపోతుంది, పని మొదటినుంచి పెట్టుకోవాలి. రెండోది తెర మీద ఉండే పాజ్. అది నొక్కితే బిట్టు జానెడు పైకి లేచి ఆగుతుంది. తిరగడం మాత్రం మానదు. ఆపితే మళ్లీ వేగం అందుకోవడానికి ఆలస్యమని నేనే అలా రాశాను.

"ఏలు పెట్టేదానికి ప్రతిసారీ ఆ ఎర్రది నొక్కాల్నా? ఇట్లయితే ఒక మొహానికి నెల పడతాది గదా" అన్నాడు.

"పాజ్ నొక్కితే చాలన్నా. కదల్దు. రాసింది నేనే గదా" అన్నాను.

ఆయన పాజ్ నొక్కాడు. బిట్టు లేచి ఆగింది. గుంతలో వేలు పెట్టి, కళ్లు మూసుకుని, ఒక క్షణం ఉండి, "గోరంత తక్కువుండాది" అన్నాడు. కొలిచి చూస్తే నిజంగానే తక్కువ ఉంది. నాకు ముచ్చటేసింది. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోంచేశాను. ఆయన భార్య జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. "ఆడమనిషివి, ఇంత మిషను నువ్వే నడిపిస్తాండావా?" అని రెండుసార్లు అడిగి, ఇంకో రొట్టె వేసింది.

మూడు నెలల తర్వాత ఆయన ఫోన్ చేశాడు. "మేడమ్, చెంప మీద ఆడాడ సన్న బొడిపెలు మిగుల్తాండాయి. ఉలితో తీసేస్తాండాలే. పాజ్ కొట్టిన రోజే వస్తాండాయి అనిపిస్తాంది."

ఆ వారం ఇంకో మిషను పంపాల్సిన తొందరలో ఉన్నాను. "బిట్టు అరిగింటాదన్నా, మార్చి చూడండి" అన్నాను. మళ్లీ ఫోన్ రాలేదు. సమస్య తీరిందనుకున్నాను. ఆయన ఉలితో తీసేసుకుంటూ పోయాడంతే.

ఇంకో పదిహేను రోజులకు, ఉదయం పదకొండు గంటల వేళ, యజమాని గదిలో ఫోన్ మోగింది. ఆయన విని, బయటికొచ్చి, నన్నూ, భాయ్‌నీ చూసి "ఆళ్లగడ్డలో చెయ్యి పోయిందంట" అన్నాడు. ముగ్గురం జీపులో బయల్దేరాం. దారిలో శిరివెళ్ల దాటాక యజమాని ఒక్కటే అడిగాడు. "రిలే అంటుకుందేమో భాయ్?" మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు రిలే; అది కలిసినచోటే అతుక్కుపోతే ఆపినా మిషను ఆగదు.

మేం వెళ్లేసరికి శిల్పిని నంద్యాల ఆస్పత్రికి తీసుకుపోయారు. మా జీపుకు ఎదురుగానే పోయి ఉంటారు. మిషను ఆగి ఉంది, ఎవరో ఎర్ర బటన్ నొక్కారు. నీళ్ల పైపు మాత్రం కట్టేయలేదు. సగం చెక్కిన ముఖం మీదుగా నీళ్లు పారుతూ కింద తొట్టిలో ఎర్రగా చేరుతున్నాయి. భాయ్ పోయి పైపు కట్టేశాడు. తర్వాత రిలేలు ఒక్కొక్కటే విప్పి, వెలుగులో పెట్టి చూసి, మళ్లీ బిగించాడు. ఒక్కటీ అంటుకోలేదు.

కార్ఖానా ఓనరు నా దగ్గరికి వచ్చాడు. "పాజ్ కొట్టినాడమ్మా. నేను ఈడనే నిలబడుండా. ఆగింది. ఏలు పెట్టినాడు. ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. దానంతట అదే దిగింది."

ఆ మాట విన్నప్పుడే తప్పు నాదని నాకు తెలిసిపోయింది. ఎక్కడ తప్పో తెలియదు, కానీ రిలే మంచిదైతే మిగిలింది నేనే.

ఆస్పత్రికి భాయ్ వెళ్లాడు. నేను ఆ మరుసటి రోజు మెట్లదాకా వెళ్లాను. పైన వరండాలో ఆయన భార్య నేల మీద కూర్చుని కనబడింది. వెనక్కి తిరిగి వచ్చేశాను.

తొమ్మిదో రోజు ఆళ్లగడ్డలో, ఆ కార్ఖానాలోనే పంచాయితీకి కూర్చున్నారు. శిల్పుల సంఘం పెద్దలిద్దరు, కార్ఖానా ఓనరు, పక్క కార్ఖానాల వాళ్లు నలుగురైదుగురు, మా యజమాని, భాయ్, నేను. మిషను పక్కనే బల్లలు వేశారు. శిల్పి చేతికి మోచేతిదాకా కట్టు. మునుపటికన్నా చిన్నగా కనబడ్డాడు. ఆయన భార్య గడప దగ్గర నిలబడింది.

మా యజమాని మాన్యువల్ తీసి చూపించాడు. "చెయ్యి పెట్టేముందు ఎర్ర బటన్ నొక్కాలని స్పష్టంగా రాసినాం."

"ఇంగ్లీషులో రాసినారు గదప్పా" అన్నాడు ఒక పెద్దాయన.

"నేను నోటితోనే అడిగినా" అన్నాడు శిల్పి. "ఈయమ్మ పాజ్ చాలని చెప్పింది."

అందరూ నావైపు తిరిగారు. పెద్దాయన మెత్తగానే అడిగాడు. "చెప్పినావా అమ్మా?"

మా యజమాని నన్ను చూడలేదు. చేతిలోని మాన్యువల్ చూసుకుంటున్నాడు. జీపులో వచ్చేటప్పుడు ఆయన నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. "జాగ్రత్తగా మాట్లాడమ్మా, ఆరు కుటుంబాలు" అన్నాడంతే. నేను చెప్పిన జవాబుకు ఆయన్ని కారణం చేయడం ఇప్పుడు నాకు సులువే. కానీ ఆ క్షణంలో నాకు ఆరు కుటుంబాలు గుర్తుకు రాలేదు. ఇంతమందిలో తలదించుకోవాల్సి వస్తుందనే గుర్తొచ్చింది.

"గుర్తు లేదు" అన్నాను.

శిల్పి నన్నే చూశాడు. గడప దగ్గర్నుంచి ఆయన భార్య గొంతు వినబడింది. "గుర్తు లేదంటనా? ఆ పొద్దు మా ఇంట్లో రొట్టె తిని పోయింది. అదన్నా గుర్తుండాదేమో అడగండప్పా."

ఎవరూ అడగలేదు. దానంతట అదే దిగిందని ఓనరు చెప్పినా ఎవరూ నమ్మలేదు, మనిషే అజాగ్రత్తగా ఉన్నాడేమో అన్నట్టుగా మాటలు ముగిశాయి. కార్ఖానా ఓనరు వైద్యం ఖర్చు పెట్టుకుంటానన్నాడు. బయటికి వచ్చాక భాయ్ జీపు ఎక్కలేదు. "మీరు పోండి, నేను బస్సుకొస్తా" అన్నాడు.

ఆ ఆదివారం చర్చిలో తప్పులు ఒప్పుకునే ప్రార్థన దగ్గర అందరితోపాటు లేచి నిలబడ్డాను. చిన్నప్పటినుంచి చూడకుండా చెప్పే మాటలవి. నోరు తెరిచాను, ఒక్క ముక్క రాలేదు. పక్కనున్నామె ఒంట్లో బాగలేదా అని అడిగింది.

సోమవారం నుంచి వెతకడం మొదలుపెట్టాను. ఆఫీసులో రాయి లేకుండా, బిట్టు లేకుండా, ఉత్త మోటార్లు బల్ల మీద పెట్టి, అదే ముఖం ఫైలు నడిపించాను. పాజ్ నొక్కడం, చూడడం. మోటార్లు కదలలేదు. మళ్లీ నడిపించి మళ్లీ పాజ్. రెండు రోజులు ఇదే పని. బుధవారం మధ్యాహ్నం, కంటిగుంత దగ్గర పాజ్ నొక్కి, మంచినీళ్లు తాగుదామని లేచాను. వెనక మోటారు తిరిగిన చప్పుడైంది. తెర మీద పాజ్ అనే మాట లేదు. నేను బటన్‌కు మూడడుగుల దూరంలో ఉన్నాను.

తప్పు ఏమిటో వీలైనంత తేలిగ్గా చెప్తాను. బొమ్మ ఫైలులో లక్షల బిందువులుంటాయి. ఒక్కో బిందువుకు ఐదు అంకెలు: అడ్డం, నిలువు, లోతు, వేగం, బిట్టు చేయాల్సిన పని. ఈ ఐదింటినీ ఒక్క మూటగా కట్టుకోవడాన్ని సి లో స్ట్రక్చర్ అంటాం. వేల మూటలు వరసగా పెట్టుకోవాలంటే ముందే కంప్యూటర్‌ని చోటు అడగాలి. ఎన్ని మూటలో, ఒక్కో మూట ఎంత పెద్దదో గుణించి అడగాలి. సంఖ్య నేను సరిగ్గానే ఇచ్చాను. మూట ఎంత పెద్దదని అడగాల్సిన చోట, మూట ఎక్కడుందో చెప్పే చిరునామా ఎంత పెద్దదని అడిగాను. మూట ఇరవై బైట్లు, చిరునామా నాలుగు. పేరుకు ముందు ఒక్క స్టార్ గుర్తు పెట్టి ఉంటే సరిపోయేది. నేను పెట్టలేదు. రాసినదాన్ని మిషను భాషలోకి మార్చే కంపైలరు కిక్కురుమనలేదు, ఎందుకంటే వ్యాకరణం ప్రకారం అదీ సరైన వాక్యమే.

అంటే ఐదో వంతు చోటు అడిగి, మొత్తం సరుకు దించుతున్నాను. మిగతా నాలుగు వంతులు పక్కవాళ్ల చోట్లో పడుతున్నాయి. చిన్న బొమ్మలకు ఆ పక్క చోటు ఖాళీగా ఉండేది, ఎవరికీ నష్టం లేదు. పెద్ద ముఖం ఫైలుకు ఆ పొంగు ఇంకా దూరం పోయి, పాజ్‌లో ఉన్నామా లేదా అని గుర్తుపెట్టుకునే అంకెదాకా చేరింది. పాజ్ అయితే ఒకటి, నడుస్తుంటే సున్నా. ఫైలును నేను విడతలుగా చదివించేదాన్ని. పాజ్‌లో కాలం వృథా కాకూడదని, ఆగి ఉన్నప్పుడు కూడా తర్వాతి విడత చదివేలా రాశాను. పాజ్ నొక్కే వేళకు పాత విడత అయిపోవస్తే, కొత్త విడతలోని ఒక సున్నా వచ్చి ఆ ఒకటి మీద పడుతుంది. ఆ రోజు అలాగే పడింది. మిషను దృష్టిలో ఇక ఆగడానికి కారణం లేదు. దిగింది.

నడుస్తున్నప్పుడు సున్నా మీద సున్నా పడితే తెలియదు. అందుకే నెలల తరబడి బయటపడలేదు. బొడిపెల సంగతీ అప్పుడే అర్థమైంది. పాజ్ నొక్కినప్పుడు నా ప్రోగ్రాము రాసే ఒకటి, అదే చోట్లో ఉన్న ఒక బిందువు మీద పడుతోంది. అక్కడ ఒకటి అంటే బిట్టు ఎత్తమని. ఆ ఒక్క చుక్క దగ్గర బిట్టు లేచి, రాయి తెగకుండా మిగిలిపోతోంది. ఆయన పాజ్ కొట్టిన రోజే వస్తాండాయి అన్నాడు. నేను బిట్టు అరిగిందన్నాను.

స్టార్ గుర్తు పెట్టి, మళ్లీ కంపైల్ చేసి, యజమాని గదిలోకి పోయి అంతా చెప్పాను. ఆయన రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"మిగతా ఆరు?" అన్నాడు.

"అన్నిట్లో ఇదే ఉంది సార్."

"రేపే పోయి మార్చండి. కొత్త వెర్షన్ అని చెప్పండి. ఇంకేం చెప్పొద్దు."

ఆరు మిషన్లూ మూడు రోజుల్లో మార్చాం. ప్రతిచోటా టీ ఇచ్చారు, కొత్త వెర్షన్లో ఏముందని సంబరంగా అడిగారు. వేగం పెరుగుతుందని చెప్పాను. ఆఖరి కార్ఖానా అయ్యాక నంద్యాల బస్సులో భాయ్ నా పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఏం మార్చినావమ్మా?"

చెప్పాను. మెమరీ, స్ట్రక్చర్ అన్నీ చెప్పాను. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. అంతా విని, "ఆ పొద్దు నాకు గుర్తుండాది" అన్నాడు. "నువ్వు పాజ్ చాలని చెప్పినప్పుడు నేను వెనకాల చట్రం బిగిస్తాండా. విన్నా."

"మరి పంచాయితీలో ఎందుకు చెప్పలేదు భాయ్?"

"నువ్వు చెప్తావనుకుంటి."

బస్సు దిగాక ఆయన అన్నాడు. "ఆయప్ప తాగి చెయ్యి పెట్టినాడంటాండారు ఆళ్లగడ్డలో. ఎవరూ పనికి పిలవడం లేదు. కుర్చీలో కూర్చోబెట్టి నేర్పించేదానికి కూడా పిలవడం లేదు. పోయి చెప్పు."

శిల్పి తాగుతాడో లేదో నాకు తెలియదు. ఆ రోజు ఉదయం పదకొండుకు తాగి ఉంటే అంత సరిగ్గా గుంతలో వేలు పెట్టగలిగేవాడు కాదని మాత్రం తెలుసు.

రెండు రోజుల తర్వాత ఒక్కదాన్నే వెళ్లాను. శిల్పి ఇంటి అరుగు మీద ఉన్నాడు. కట్టు విప్పేశారు. మిగిలిన రెండు వేళ్లూ పక్కకు వంగి ఉన్నాయి. ఆయన భార్య నన్ను చూసి లోపలికి పోయింది. మంచినీళ్లు తేలేదు. నేను నిలబడే మొదలుపెట్టాను.

"తప్పు నాదేనన్నా. పాజ్ చాలని చెప్పింది నేనే. గుర్తుండాది. మిషను దిగింది కూడా నేను రాసినదాంట్లో తప్పు వల్లే."

"కూచో" అన్నాడు. "ఏం తప్పు?"

అరుగు మీద రాతి పెళ్లలు పరిచి, చోటు ఎలా అడుగుతామో, నేనేం అడిగానో, పొంగి ఎక్కడ పడిందో చూపించాను. శ్రద్ధగా చూశాడు. మిషను నేర్చుకున్న రోజు చూసినట్టే చూశాడు. మధ్యలో ఒకచోట ఆపి, "ఈడ చిరునామా కొలిచినావు, సరుకు కొలవలేదు, అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను. తర్వాతి రోజుల్లో నేను నేర్పిన వాళ్లలో ఇంత త్వరగా దాన్ని పట్టుకున్నవాళ్లు చాలా తక్కువ.

"మా పనిలో తప్పు కంటికి కనబడదన్నా" అన్నాను. ఏదో సర్దిచెప్పుకోవాలని.

"కనబడింది గదమ్మా. చెంప మీద బొడిపెలు లేస్తాండాయని నీకు ఫోన్ చేస్తిని."

ఆయన కాలితో రాతి పెళ్లలు పక్కకు జరిపాడు.

"ఇంట్లో నాకు చెప్తే ఏమొస్తాది? యాడ గుర్తు లేదంటివో ఆడ చెప్పు. వాళ్లందరూ ఉన్నప్పుడు చెప్పు."

ఆ సంగతి యజమానికి చెప్పాను. చెప్పకుండా పోవడం మర్యాద కాదనుకున్నాను. "పోతే మళ్లీ ఈడికి రావాకు" అన్నాడు. కోపంగా అనలేదు. అలసిపోయిన మనిషిలా అన్నాడు.

వారం తర్వాత మళ్లీ అదే కార్ఖానా, అవే బల్లలు. నేను కబురు పంపితే శిల్పి, ఆయన భార్య, సంఘం పెద్దలిద్దరూ వచ్చారు. పక్క కార్ఖానాల వాళ్లు ఈసారి ఎక్కువమంది వచ్చారు. భాయ్ వచ్చి కొత్త ప్రోగ్రాము ఎక్కించిపోయిన మిషను నడుస్తోంది, ఎవరో వేరే కుర్రవాళ్లు నడిపిస్తున్నారు. ఓనరు ఆపమన్నాడు. వాళ్లు పాజ్ నొక్కారు. "ఎర్రది నొక్కండి" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

నిలబడి చెప్పాను. పాజ్ చాలని నేనే చెప్పాను, గుర్తు లేదన్నది అబద్ధం, మిషను దానంతట అదే దిగేలా తప్పు రాసింది నేను, ఈయన అజాగ్రత్తగా లేడు, తాగి లేడు. నాలుగు మాటలు. వెనక భాయ్ నిలబడి ఉన్నాడని చెప్పేటప్పుడు నాకు తెలియదు. నేను ఆపాక, "నేనూ విన్నా, నేనూ చెప్పలేదు" అన్నాడు.

పెద్దాయన శిల్పిని అడిగాడు. "ఇంకేమన్నా అడగాల్నాప్పా?"

"ఆ పొద్దే చెప్పింటే బాగుండు" అన్నాడాయన. "నెల దినాలు నా పెండ్లాం నీళ్లకు పోతే కూడా, మీవోడు తాగినాడంటనే అని అడిగిరి." అంతే అని లేచి బయటికి పోయాడు. ఆయన భార్య కూడా వెంట పోయింది. పోతూ నన్ను చూడలేదు.

తర్వాత సంఘం వాళ్లు మా యజమానిని పిలిపించి, శిల్పి కుటుంబానికి కొంత డబ్బు ఇచ్చేలా ఒప్పించారు. ఎంతో నేను అడగలేదు. రాతి మిషన్ల బేరాలన్నీ ఆగిపోయాయి. ఏడాది తిరక్కుండా కంపెనీ మూతపడింది. ఆరు కుటుంబాలని ఆయన అన్నది నిజమే. భాయ్ ఆత్మకూరు పోయి గేట్లకు, గ్రిల్లులకు వెల్డింగు పెట్టుకున్నాడు. నిజం చెప్పినందుకు నాకు మనశ్శాంతి వచ్చిందని రాస్తే మీకు బాగుంటుంది. రాలేదు. నెల రోజులు ఆలస్యంగా చెప్పిన నిజం ఆ మనిషికి పేరు తిరిగిచ్చింది. చెయ్యి ఎలాగూ పోయింది. ఆ నెల రోజులు కూడా పోయాయి.

నేను నంద్యాలలో ఒక కాలేజీలో చేరి, రిటైరయ్యేదాకా సి ల్యాబు చూశాను. ప్రతి ఏడాదీ ఒక రోజు ఆ వరుస బోర్డు మీద రాసేదాన్ని, స్టార్ లేకుండా. నడిపించి చూడమనేదాన్ని. పది బిందువులకు చక్కగా నడుస్తుంది. "అవుట్‌పుట్ వచ్చింది మేడమ్, కరెక్టే" అనేవాళ్లు పిల్లలు. అప్పుడు ఈ కథంతా చెప్పేదాన్ని. కొందరు పుస్తకంలో రాసుకునేవాళ్లు. కొందరు టైము చూసుకునేవాళ్లు. ఆ రోజు ఇంకో పాఠం చెప్పడానికి నాకు ఓపిక ఉండేది కాదు.

పోయిన వేసవిలో ఒక పెళ్లికి ఆళ్లగడ్డ వెళ్లాను. పెళ్లి అయ్యాక కార్ఖానాల దారిలో నడుచుకుంటూ వస్తున్నాను. ఆ శిల్పి ఒక షెడ్డు కింద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. ఎదుట నిలువెత్తు రాయి. ఎడమచేత్తో దాని మీద ఎర్రరంగుతో గీతలు గీస్తున్నాడు. చెక్కేది ఇంకెవరో. గీత వణకడం లేదు గానీ చాలా నెమ్మదిగా సాగుతోంది.

"బాగుండావా అన్నా?"

పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. "ఉండా" అన్నాడు. "పని మానేసినావంట?"

"మానేసినా. వయసైంది."

"పిల్లోల్లకు చెప్పేదానివంట. చెయ్యి సంగతి."

ఎవరు చెప్పారో తెలియదు. మా విద్యార్థుల్లో ఆళ్లగడ్డ వాళ్లు ఉండేవాళ్లు. "చెప్పినానన్నా. ఇప్పుడు రాద్దామనుకుంటాండా" అన్నాను.

ఆయన రంగు కుంచె డబ్బాలో పెట్టి, నావైపు తిరిగాడు.

"రాయి. నా పేరు మాత్రం రాయాకు. రాస్తే చెయ్యి పోయినోడనే గుర్తు పెట్టుకుంటారు. నేను ముప్పై ఏండ్లు మొహాలు చెక్కినోన్ని."

రాయనన్నాను. ఆయన మళ్లీ కుంచె తీసుకుని, ఇందాక ఆపిన చోట ఆనించి, గీత ముందుకు లాగాడు. బస్సుకు ఇంకా టైముంది. అయినా అక్కడ నిలబడలేక బస్టాండుకు నడిచాను.